కేక వేసినవాళ్ళదే బంతి

మా క్యాంపులో పొద్దున్న అందరికంటే ముందు లేచేవి నా మోకాళ్ళు. నేనింకా కళ్ళు తెరవకముందే ఎడమ మోకాలు లేచి కూర్చుని, ఇవాళ నీ సంగతి తేలుస్తానంటుంది. దాన్ని బుజ్జగించి, కుడిదాన్ని బతిమాలి, గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళేసరికి అక్కడ నిచ్చెన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంటుంది. నిచ్చెన అంటే నెట్ దగ్గర చేతులెత్తి బంతికి అడ్డు నిలబడే మా బ్లాకరు. ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సిన మనిషి. స్నానానికి దూరితే ఒక పట్టాన బయటికి రాదు. అంత పొడుగు ఒళ్ళు తడవాలి కదా అంటుంది, తలుపు అవతల నుంచి.

నన్ను అందరూ పిన్ని అంటారు. జాతీయ జట్టులో మా కోచ్ తప్ప నాకంటే పెద్దవాళ్ళు లేరు. కోచ్‌ని మేడమ్ అంటాం. ఆవిడ వెనక ఇంకో పేరుతో పిలుస్తాం గానీ అది రాసేది కాదు.

నేను లిబెరోని. వాలీబాల్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, జట్టంతా ఒక రంగు చొక్కా వేసుకుంటే ఒక్కరు మాత్రం వేరే రంగుది వేసుకుంటారు. ఆ ఒక్కరే లిబెరో. మాకు నెట్ దగ్గర ఎగిరి స్మాష్ కొట్టే హక్కు లేదు, పేపర్లో ఫొటో పడే యోగం లేదు. వెనక వరుసలో ఉండి, అవతలివాళ్ళు కొట్టిన బంతిని నేల తాకకుండా పైకి లేపాలి. అందుకోసం మేం ఎన్నిసార్లు నేల మీద పడినా ఎవరికీ అభ్యంతరం లేదు. బంతి మాత్రం పడకూడదు.

ఆరుగురు తిరుగుతున్న కోర్టులో బంతి ఎవరిదో తెలియాలంటే ఒకటే దారి, గట్టిగా కేక వెయ్యాలి. 'నాది!' అని అరిస్తే ఆ బంతి మీది. మిగిలినవాళ్ళు పక్కకి తప్పుకుంటారు, కెప్టెనైనా సరే. ఎవరూ నోరు విప్పక ఇద్దరి మధ్య పడిపోయిన బంతిని మేం అనాథ అంటాం. అనాథ పడితే ఆ ఇద్దరికీ కోర్టు చుట్టూ కప్పగంతులు.

ఆ ఏడు క్యాంపు సగంలో ఉండగా మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. పెద్ద పోటీకి వెళ్ళే జట్టులో ఈసారి ఇద్దరు లిబెరోలు కుదరదట, ఇంకో బ్లాకర్ కావాలట. అంటే క్యాంపులో ఉన్న ఇద్దరిలో ఒకరికే చోటు. ఒకరు నేను. రెండోది కొత్తగా వచ్చిన పిల్ల.

"దాన్ని నీ గదిలో వేస్తున్నాను. బంతి అందుకోవడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. కానీ నోరు లేదు. నువ్వు దానికి నోరు నేర్పాలి" అంది మేడమ్.

"మేడమ్, మా ఇద్దర్లో ఒక్కరినే కదా తీసుకెళ్తారు?"

"అవును."

"మరి దానికి నేనే నేర్పాలా?"

"ఇంత నోరు ఇంకెవరికుంది చెప్పు?"

నాకు ఒళ్ళు మండింది. ఇది నా ఆఖరి పెద్ద పోటీ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నా ఎడమ మోకాలికీ తెలుసు. నా కుర్చీలో కూర్చోబోయేదానికి నేనే కుర్చీ తుడిచిపెట్టాలన్నమాట.

ఆ పిల్ల ఒక చిన్న సంచీతో గదిలోకి వచ్చింది. వచ్చిందని నాకు తెలియలేదు. వెనక్కి తిరిగితే ఉంది. గుండె ఆగినంత పనైంది. తలుపు చప్పుడు లేదు, చెప్పుల చప్పుడు లేదు. అప్పటికే నిచ్చెన దానికి పిల్లి అని పేరు పెట్టేసింది. నూటికి నూరు పాళ్ళు సరిపోయింది.

"కిటికీ పక్క మంచం నాది. అలమరలో పైఅర నాది. నీకేం కావాలో అడుగు" అన్నాను.

"ఏదైనా పర్లేదండి పిన్నిగారూ" అంది. ఆ మాట వినడానికి నేను మంచం మీద నుంచి ముందుకి వంగాల్సి వచ్చింది.

జట్టంతా నన్ను పిన్నీ అని పిలుస్తుంది, కోపం వస్తే ఒసే పిన్నీ అంటుంది. 'పిన్నిగారూ' అన్నది ఇదొక్కత్తే.

మర్నాడు ప్రాక్టీసులో మేడమ్ మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి బంతులు కొట్టడం మొదలుపెట్టింది. మొదటి బంతి మా మధ్యకి వచ్చింది. నేను కావాలనే నోరు మూసుకున్నాను. బంతి నిప్పులు కక్కుకుంటూ వస్తోంది. పిల్లి నా వైపు తిరిగి, "నన్ను తీసుకోమంటారా పిన్నిగారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి బంతి వెనక గోడకి తగిలి మళ్ళీ మా ముందుకి వచ్చేసింది. ఇద్దరం కప్పగంతులు వేశాం. గంతు గంతుకీ నా మోకాళ్ళు దానికి శాపనార్థాలు పెట్టాయి.

అయితే మాట్లాడే పని లేని బంతి వచ్చినప్పుడు మాత్రం అది పిల్లి కాదు, ఇంకేదో. ఎక్కడో మూల పడిపోతుందనుకున్న బంతి కింద దాని చెయ్యి అప్పటికే ఉంటుంది. ఎప్పుడు కదిలిందో కనపడదు. నేనిన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అలాంటి చెయ్యి చూడలేదు. చూసి ముచ్చటపడ్డాను, వెంటనే కుళ్ళుకున్నాను. రెండూ ఒకే క్షణంలో జరిగాయి.

సరే, మేడమ్ చెప్పింది కాబట్టి నేర్పడం మొదలుపెట్టాను. ముందు భోజనశాలలో. పొద్దున్న పళ్ళెంలో ఆఖరి ఉడికిన గుడ్డు మిగిలినప్పుడు, 'నాది' అని ఎవరు ముందు అరిస్తే వాళ్ళకే అని జట్టు చేత ఒప్పించాను. అందరూ ఊపిరి బిగబట్టి పిల్లి వైపు చూశారు. పిల్లి గుడ్డు వైపు చూసింది. నోరు తెరిచింది. "ఎవరికైనా కావాలాండీ?" అంది.

నిచ్చెన గుడ్డు మింగేసింది. రోజూ అదే తంతు. వారం తిరిగేసరికి నిచ్చెనకి గుడ్డంటే మొహం మొత్తింది. పిల్లి చిక్కిపోతోందని వంటాయన నా మీద కేకలేశాడు. అప్పట్నుంచి నా గుడ్డు దాని పళ్ళెంలో వేస్తూ వచ్చాను. ఎవరైనా అడిగితే నాకు పడట్లేదని చెప్పాను.

తర్వాత దాన్ని బట్టలుతికే గదికి లాక్కెళ్ళాను. అక్కడ మెషీన్లన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కన బాంబు పడ్డా వినపడదు.

"ఇక్కడ కేక వెయ్. నాకే వినపడదు. సిగ్గెందుకు?"

పిల్లి గట్టిగా గాలి పీల్చుకుంది. ఇదిగో వచ్చేస్తోంది అనుకున్నాను. అది తలుపు వైపు ఓసారి చూసి, పీల్చుకున్న గాలిని జాగ్రత్తగా వదిలేసింది.

"ఏమైందే?"

"ఎవరైనా పడుకున్నారేమోనండి."

"పట్టపగలు ఎవరు పడుకుంటారే?"

"మా నాన్న" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళది ఒకటే గది ఇల్లట. నాన్న సీసాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న వచ్చి పడుకునేవాడట. ఆయన మంచం ఎక్కగానే ఇల్లంతా గొంతు తగ్గించేదట. అమ్మ గిన్నెల కింద గుడ్డ వేసి తోమేదట. సెలవుల్లో ఇదీ, దీని అన్నయ్యా బయటికెళ్తే ఎండ, లోపలుంటే నాన్న నిద్ర. అందుకని మంచం పక్కనున్న కాస్త జాగాలో చప్పుడు కాకుండా బంతాట ఆడేవారట. అన్న ఎటు పడితే అటు విసురుతాడు, ఇది పట్టాలి.

"బంతి కింద పడితే చప్పుడవుతుంది కదండీ. నాన్న లేచేస్తారు."

"పడితే ఏం చేసేవాళ్ళు?"

"పడలేదండి" అంది.

నేను మెషీన్ మీద కూర్చుండిపోయాను. మాకు కోచ్‌లు ఈల వేసి, తిట్టి, వీడియోలు చూపించి నేర్పిన విద్య ఇది. ఆ పిల్ల వాళ్ళ నాన్న మంచం పక్కన నేర్చుకుంది. నేర్చుకున్న చోటే గొంతు వదిలేసి వచ్చింది. ఆ చెయ్యి కావాలంటే ఆ మౌనం కూడా తీసుకోవాలి కాబోలు అనిపించింది.

"మీ నాన్న ఇక్కడ లేరు కదే" అన్నాను.

"తెలుసండి. కానీ అరుద్దామనుకుంటే గొంతు దగ్గర అమ్మ వేలు అడ్డం పెట్టినట్టు ఉంటుంది."

దానికోసం ఇంకొక్క నియమం కూడా చెప్పాను, అది భయపడుతుందేమో అనుకుంటూనే. "చూడు, ఊరికే అరవమనట్లేదు. కేక వేశావంటే ఆ బంతి పూచీ నీది. కేక వేసి అందుకోలేకపోవడం అనాథ కంటే పెద్ద తప్పు. నీ కేక విని పక్కవాళ్ళు తప్పుకున్నారు కదా, ఇక దాన్ని పట్టుకునే నాథుడుండడు. కానీ నువ్వు అందుకోలేని బంతి ఏదే అసలు? నీకేం భయం?"

తల ఊపింది. ఆ తల ఊపడం కూడా చప్పుడు లేకుండానే. అబద్ధమెందుకు, అది నేర్చుకోకపోతుంటే లోపల్లోపల నాకు హాయిగానే ఉంది. నా వంతు నేను చేస్తున్నాను, దానికి రావట్లేదు, నేనేం చెయ్యను? ఆ హాయితో కడుపునిండా తిని, మోకాళ్ళకి ఐసు పెట్టుకుని, పగటి నిద్రలు పోయాను.

ఎంపిక ఒక పోటీతో తేలుస్తానంది మేడమ్. ఎప్పుడూ మాతో ఆడటానికొచ్చే కుర్రాళ్ళ క్లబ్బు జట్టు మీద ఆట. ఆ రోజు ఇంటివాళ్ళెవరైనా వచ్చి చూడొచ్చని కూడా అంది. కుర్రాళ్ళ సర్వీసు చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. మేడమ్ నాకు లిబెరో చొక్కా ఇచ్చి, పిల్లికి మామూలు చొక్కా ఇచ్చి, ఇద్దరినీ వెనక వరుసలో పక్కపక్కనే పెట్టింది. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది కదా.

ఆట మొదలవ్వబోతుండగా నీలం యూనిఫారంలో ఒక పెద్దమనిషి చేతిలో భోజనం డబ్బాతో లోపలికొచ్చి, మొదటి వరుస బెంచీ మీద, మా నొప్పులు చూసే ఫిజియో పక్కన కూర్చున్నాడు. డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా బస్సెక్కి వచ్చాడట. చూడగానే తెలిసిపోయింది. పిల్లి మొహమే, మీసం తేడా.

నాన్నని చూడగానే పిల్లికి ఉన్న ఆ కాస్త గొంతూ పోయింది. మొదటి సర్వీసు మా మధ్యకొచ్చింది, అనాథ. రెండోది దాని ముందు, కేక లేదు, కెప్టెన్ అడ్డొచ్చి ఇద్దరూ గుద్దుకున్నారు. నేను మాత్రం 'నాది, నాది' అని గొంతు చించుకుంటూ దాని బంతులు కూడా లాక్కున్నాను. మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. చోటు నాదేనని నాకు ఖాయంగా అనిపిస్తోంది.

అంతలో నిచ్చెన నన్ను మోచేత్తో పొడిచింది. "పిన్నీ, అటు చూడు."

పిల్లి వాళ్ళ నాన్న నిద్రపోతున్నాడు. తల గోడకి ఆనించి, కాళ్ళు బారజాపి, నోరు తెరిచి, భోజనం డబ్బా పొట్ట మీద పెట్టుకుని. రిఫరీ ఈల ఊదుతోంది. బూట్లు కీచుమంటున్నాయి. మేం పన్నెండు మందిమి అరుస్తున్నాం. ఒక కుర్రాడు కొట్టిన స్మాష్ గురితప్పి ఆయన తల పక్కన గోడకి ధబీమని తగిలింది. ఫిజియో ఎగిరి పక్కకి దూకింది. ఆయన మీసం కూడా కదల్లేదు.

పిల్లి చూస్తోంది. రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"పిన్నిగారూ, నాన్న లేవట్లేదు."

"లేవరే."

"ఇంత గోలలోనా?"

"చూస్తున్నావుగా. మళ్ళీ సర్వీసొస్తోంది, ఇటు తిరుగు."

తిరిగింది. దాని మొహంలో అప్పుడు కనిపించింది ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా చెప్పడం రాదు. కాస్త కోపం కూడా ఉందనుకుంటాను. సర్వీసు వచ్చింది. నేను నోరు తెరిచేలోపు నా పక్కనుంచి ఒక గొంతు, ఏడాదిగా తిప్పని కుళాయి తిప్పినట్టు, ముందు గరగరమని, తర్వాత ఒక్కసారిగా భళ్ళున వచ్చింది.

"నాదీ!"

బంతి చక్కగా పైకి లేచింది. కానీ దాన్ని అందుకోవాల్సిన కెప్టెన్ నోరు వెళ్ళబెట్టి పిల్లి వైపు చూస్తూ నిలబడిపోయింది. నిచ్చెనా అంతే, నేనూ అంతే. బంతి మా నలుగురి మధ్యలో దర్జాగా నేల మీద పడింది. జట్టంతా కలిసి కన్న అనాథ అదొక్కటే.

బెంచీ మీద ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. భోజనం డబ్బా కింద పడి దొర్లింది.

"ఎవరమ్మా అరిచింది?" అని ఫిజియోని అడిగాడు.

"మీ అమ్మాయేనండీ."

"మా అమ్మాయా? మా అమ్మాయి అరవదమ్మా."

పిల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నని లేపేసింది. ఇన్నేళ్ళు బంతి కింద పడకుండా కాపాడుకుంటూ వచ్చిన నిద్ర, దాని నోటితోనే పాడుచేసింది. అయిపోయింది, ఇక జన్మలో నోరు విప్పదు అనుకున్నాను. ఆయన బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాడు. నిద్రమొహం అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఏదీ, ఇంకోసారి అరువమ్మా!" అన్నాడు.

ఆ తర్వాత అది అరిచింది చూడండి. దాని బంతికి అరిచింది, కెప్టెన్ బంతికి అరిచింది, నెట్ దాటని బంతికి కూడా అరిచింది. నిచ్చెన పొట్ట పట్టుకుని నవ్వింది. గొంతు అరిగిపోతుందేమోనని ఇన్నాళ్ళూ దాచుకుని, ఒక్కరోజే ఖర్చుపెట్టేసినట్టుంది. ఆయన బెంచీ ముందు నిలబడి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక పక్కవాళ్ళని చూసి కొడుతున్నాడు.

సెట్ చివర్లో, గెలుపు ఒక్క పాయింట్ దూరంలో ఉండగా, కుర్రాళ్ళ కెప్టెన్ మా ఇద్దరి మధ్యకి చిన్నగా ఒక బంతి వదిలాడు. గట్టిగా కొడతాడని వెనక్కి తగ్గిన మమ్మల్ని బోల్తా కొట్టించే దొంగ బంతి. ముందు చూసింది నేనే. ఇలాంటివి వాడి భుజం చూస్తేనే నాకు తెలిసిపోతాయి. "నాది!" అని అరిచాను. అరిచి అడుగు వేశాను. రెండో అడుగు వెయ్యలేదు. ఎడమ కాలు రానంది. "నాదీ!" అని పక్కనుంచి పిల్లి నేల మీద జారుకుంటూ నా కాళ్ళ ముందు నుంచే వెళ్ళి, వేళ్ళ చివర్లతో బంతిని లేపింది. ఈసారి కెప్టెన్ మేలుకునే ఉంది. నిచ్చెన కొట్టింది. సెట్ మాది.

అందరూ పిల్లి మీద పడ్డారు. నేనూ పడ్డాను. అడుగున ఉన్నది నేనేనని ఎవరూ గమనించలేదు.

నీళ్ళు తాగుతుంటే ఆయన నా దగ్గరికొచ్చాడు. "పిన్నిగారంటే మీరేనా? ఫోన్లో ఎప్పుడూ మీ మాటే చెబుతుందమ్మా. అంటే, చెబుతుందనే అనుకుంటున్నాను, సరిగ్గా వినపడదు."

"మీ నిద్ర పాడవుతుందనేనట, ఇంట్లో ఎవరూ గొంతెత్తేవారు కాదట" అన్నాను.

"నా నిద్రా? రాత్రంతా సీసాల మోతలో పనిచేసేవాణ్ణి, ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్రమ్మా. మా ఇంట్లోవాళ్ళందరూ పుట్టుకతోనే నెమ్మదస్తులనుకున్నాను. నా అదృష్టం అని ఫ్యాక్టరీలో గొప్పలు కూడా చెప్పుకున్నాను." పక్కన తువ్వాలుతో నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ నాకోసమేనా తల్లీ? ఒక్కరన్నా నాకు చెప్పొద్దూ?"

"మీరు పడుకుని ఉన్నారు కదా నాన్నా" అంది పిల్లి.

ఆయన నవ్వబోయి, నవ్వలేక, డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు. అక్కడ నుంచి వచ్చేశాను.

మేడమ్ నెట్ దగ్గర ఒక్కత్తే నిలబడి ఉంది. చేత్తో రమ్మంది.

"ఆ ఆఖరి బంతికి ముందు కేక ఎవరిది?" అంది.

"అది గట్టిగా అరిచింది మేడమ్."

"గట్టిగా ఎవరని అడగలేదు. ముందెవరని అడిగాను. నేను విన్నాను. ముందు కేక నీదే. నీ కేక మీద అది దూరింది. రూలు ప్రకారం తప్పు దానిది. అవునా?"

ఆవిడ నిజంగానే అడుగుతోంది. అవునంటే చాలు. నేను నోరు నేర్పలేదని కాదు, నేర్పాను, కానీ పక్కవాళ్ళ కేక వినడం దానికింకా రాలేదని ఒక్క మాట అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. ఇంకో ఏడాది ఆగితే దానికేం, చిన్నపిల్ల. నాకు ఇంకో ఏడాది లేదు. ఆ చొక్కా ఒంటి మీద ఉండగా ఆ ఒక్క మాట అనాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.

"కేక నాదే మేడమ్" అన్నాను. "కానీ నేను అందుకునేదాన్ని కాదు. కాలు రాలేదు. అది దూరకపోతే బంతి పోయేది."

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది. ఆవిడ ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యదు.

ఐసు నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. ఫిజియో తొంగిచూసి, అంత చల్లగా ఉందా పిన్నీ, కాస్త ఐసు తీసెయ్యనా అని అడిగింది. తియ్యమన్నాను. అది అటు వెళ్ళిందో లేదో, వరండా అంతా మోగిపోయేలా "పిన్నీ!" అని కేక. గారు ఎక్కడ పోయిందో పోయింది. పిల్లి పరిగెత్తుకొచ్చి తొట్టి పక్కన కూలబడింది. చోటు దానిదేనని మేడమ్ చెప్పేసినట్టుంది. నా మోకాళ్ళు పట్టుకుని, "నాకొద్దు పిన్నీ, నువ్వే వెళ్ళు" అని గొంతెత్తి భోరుమంది. అంత గొంతుతో ఏడవడం దానికీ కొత్తే, ఎక్కడ ఆపాలో తెలియట్లేదు. నిచ్చెన తల వంచి గుమ్మంలోంచి చూసింది, వెనక కెప్టెన్, గరిటెతో వంటాయన, ఆ వెనక డబ్బా పట్టుకుని వాళ్ళ నాన్న. ఓడిపోయింది నేను, ఏడుస్తున్నది అది, ఓదార్చాల్సింది మళ్ళీ నేనే.

"ఊరుకోవే, చెయ్యి తియ్, మోకాలు నొప్పి" అన్నాను. తియ్యలేదు. నేనూ ఇంకోసారి అడగలేదు.